డార్ట్‌ఫర్డ్ స్టేషన్, రెండో నంబర్ ప్లాట్‌ఫాం

శనివారం పొద్దున్న తొమ్మిదిన్నర. సన్నగా చినుకులు. లండన్ బ్రిడ్జ్ స్టేషన్లో చంకలో ఎల్పీ రికార్డు పెట్టుకుని డార్ట్‌ఫర్డ్ ట్రైన్ కోసం నిలబడ్డా. పన్నెండు అంగుళాల అట్ట అది. బ్యాగులో పట్టదు, మడత పెట్టడానికి లేదు, తడవకూడదు. పైన ఒక సూపర్ మార్కెట్ కవర్ తొడిగా. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కవర్లోంచి కనిపిస్తున్న బొమ్మ చూసి, 'ఓ, స్టోన్స్!' అని నవ్వింది. ఎనిమిది నెలలుగా ఈ ఊళ్లో ట్రైన్లు ఎక్కి దిగుతున్నా. ముక్కూమొహం తెలియని మనిషి తనంతట తాను నాతో మాట్లాడ్డం అదే మొదటిసారి.

రోలింగ్ స్టోన్స్ అప్పటి కొత్త ఆల్బం 'హ్యాక్నీ డైమండ్స్' 2023 అక్టోబర్ 20న, అంటే ముందురోజే, రిలీజైంది. సొంత పాటలతో వాళ్ల ఆల్బం రావడం 2005 తర్వాత మళ్లీ ఇదే. పద్దెనిమిదేళ్లు! ఆ పాత ఆల్బం వచ్చినప్పుడు నేను తెనాలిలో మూడో క్లాసు చదువుతున్నా. మీలో కొందరు ఎల్‌కేజీలో కూడా చేరి ఉండరు. ఎర్ర ఓపెన్ టాప్ కారులో సిడ్నీ స్వీనీ డ్యాన్స్ చేస్తూ వెళ్తుంటే, రోడ్డు పక్క హోర్డింగుల్లో కుర్ర మిక్ జాగర్, నడివయసు మిక్ జాగర్ పాడుతుంటారే, ఆ వీడియో రీల్స్‌లో చూసే ఉంటారు. ఆ 'యాంగ్రీ' పాట ఇందులోదే.

పేరు చూసి వజ్రాల సంగతేమో అనుకున్నా. కాదు. హ్యాక్నీ తూర్పు లండన్లో ఒక పేట. ఒకప్పుడు అక్కడ కార్ల అద్దాలు పగలగొట్టి దొంగతనాలు చేసేవాళ్లు. తెల్లారేసరికి రోడ్డు మీద మెరుస్తూ పడుండే అద్దం ముక్కలకి లోకల్ వాళ్లు పెట్టిన ముద్దుపేరు హ్యాక్నీ డైమండ్స్. ఆల్బం వస్తోందని చెప్పడానికి ఆగస్టులో హ్యాక్నీ గెజిట్ పేపర్లో అద్దాలు బాగుచేసే షాపు ప్రకటనలా ఒక ప్రకటన వేశారు. ఎనభై ఏళ్ల వయసులో ఇదీ వాళ్ల మార్కెటింగ్.

రికార్డు కొన్నది శుక్రవారం సాయంత్రం, ఆఫీసు అయ్యాక, సోహోలో. కార్నబీ స్ట్రీట్లో స్టోన్స్ వాళ్లకి సొంత షాపే ఉంది. బయటి నుంచే ఎర్రెర్రగా ఉంటుంది, ఎక్కడ చూసినా ఆ నాలుక బొమ్మే. లోపలికెళ్లి ఒక టీ షర్టు ధర చూసి మర్యాదగా బయటికొచ్చేశా. అక్కడికి ఐదు నిమిషాలు నడిస్తే బెర్విక్ స్ట్రీట్. కూరగాయల బళ్లు, బట్టల తానుల కొట్లు, వాటి మధ్యలో పాత రికార్డు షాపులు. ఓయాసిస్ వాళ్ల రెండో ఆల్బం కవర్ మీద ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నడుస్తుంటారు కదా, అది ఈ వీధే. అక్కడి షాపులో ఎక్కువమంది నా వయసు వాళ్లే. ఫోన్లో స్ట్రీమ్ చేస్తూ అదే ఆల్బం కొనడానికి లైన్లో నిల్చున్నారు. 2022లో బ్రిటన్లో యాభై లక్షల పైచిలుకు వినైల్ రికార్డులు అమ్ముడయ్యాయంటే మరి ఇలాగే అయ్యుంటుంది.

రంగురంగుల ఎడిషన్లు చాలానే ఉన్నాయి. నేను మామూలు నలుపు తీసుకున్నా. ముప్పై పౌన్లకి కాస్త తక్కువ. అంటే అప్పట్లో మన డబ్బుల్లో దాదాపు మూడు వేలు. నెలకి కొంత డబ్బు కడితే ఫోన్లో మొత్తం వినొచ్చు. పైగా నా దగ్గర రికార్డు ప్లేయర్ కూడా లేదు. మరి ఎందుకు కొన్నావంటే, దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. సాయంత్రాలు మాత్రం తబలా. శ్రీరామనవమి పందిళ్లలో పద్యనాటకం అంటే హార్మోనియం పక్కన నాన్న ఉండాల్సిందే. ఇంట్లో ఆయనకో హెచ్ఎంవీ ఫియెస్టా ప్లేయర్ ఉండేది. సూట్‌కేసులా మూసే పెట్టె. దానికి తోడు ఓ పాతిక రికార్డులు. ఘంటసాల భగవద్గీత, శంకరాభరణం, కుక్క బొమ్మ ఉన్న ఇంకేవేవో. వాటిని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. చొక్కా అంచుతో కాదు, ప్రత్యేకంగా ఒక మల్లుగుడ్డతో తుడిచేవాడు.

నేను ఇంజనీరింగ్‌లో చేరిన ఏడు ఇల్లు మారాం. కొత్త ఇల్లు చిన్నది. నా ఫోన్లో ఎనిమిది జీబీ కార్డు నిండా పాటలు. 'నాన్నా, ఈ పెట్టెలో ఉన్నవన్నీ దీంట్లో వచ్చేస్తాయి. ఇంకా ఈ చెత్తెందుకు? పాత సామాన్ల వాడికి ఇచ్చెయ్' అన్నా. గట్టిగానే అన్నా. ఆయన 'సరేలే' అన్నాడు. తర్వాత హాస్టల్‌కి వెళ్లిపోయా. సెలవలకి వచ్చేసరికి పెట్టె లేదు. భగవద్గీత రికార్డు ఒక్కటీ నాయనమ్మ దేవుడి గదిలో దాచుకుంది. మిగతా వాటి గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నాన్న ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు, ఇప్పుడు మరీ తగ్గింది. రోజూ ఫోన్ చేస్తా. 'తిన్నావా? చలిగా ఉందా? సరే ఉంటా.' కాల్ లాగ్ చూస్తే నలభై సెకన్లు, ముప్పై ఎనిమిది సెకన్లు, నలభై రెండు. ఇదీ మా గ్రాఫ్.

సరే, డార్ట్‌ఫర్డ్ ఎందుకంటే ఈ బ్యాండ్ పుట్టిందే ఒక రికార్డు వల్ల, అది ఆ స్టేషన్లో.

1961 అక్టోబర్ 17. డార్ట్‌ఫర్డ్ స్టేషన్ రెండో ప్లాట్‌ఫాం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివే మిక్ జాగర్ కాలేజీకి బయల్దేరాడు. సిడ్‌కప్ ఆర్ట్ కాలేజీకి వెళ్లే కీత్ రిచర్డ్స్ కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే ప్రైమరీ స్కూలు, తర్వాత ఇళ్లు మారి విడిపోయారు. మామూలుగా అయితే 'ఎలా ఉన్నావ్' అనుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లే. కానీ మిక్ చంకలో రెండు ఎల్పీలున్నాయి. ఒకటి చక్ బెర్రీది, ఇంకొకటి మడ్డీ వాటర్స్‌ది. అవి ఇంగ్లండ్ షాపుల్లో దొరికే సరుకు కాదు. షికాగోలోని చెస్ రికార్డ్స్ కంపెనీకి ఉత్తరం రాసి, డబ్బు పంపి, పోస్టులో తెప్పించుకున్నాడు. కీత్ కళ్లు వాటి మీద పడ్డాయి. ట్రైన్లో మాటలు కలిశాయి. అరవై ఏళ్లు దాటింది, ఆ మాటలు ఇంకా అవలేదు.

ఆలోచించండి, ఆ రోజు మిక్ చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని అవే పాటలు వింటూ ఉంటే కీత్‌కి ఎలా తెలిసేది? నేను రోజూ మెట్రోలో ఎంతమంది పక్కన నిలబడతానో. వాళ్లు ఏం వింటున్నారో నాకు తెలీదు, నేను ఏం వింటున్నానో వాళ్లకీ తెలీదు. పొద్దున ఆ పెద్దావిడ నన్ను చూసి నవ్విందంటే కారణం ఆ అట్టే.

ముప్పావు గంటలో డార్ట్‌ఫర్డ్ వచ్చింది. గొప్పగా ఊహించుకుని వెళ్తే నిరాశే. మన చిన్న జంక్షన్ స్టేషన్లలాగే ఉంది, కాకపోతే సమోసాలు లేవు. ప్లాట్‌ఫాం మీద గోడకి గుండ్రటి నీలం ఫలకం. దాని వెనక ఒక చిన్న తగాదా కూడా ఉంది. 2015లో మొదట పెట్టినప్పుడు, మిక్, కీత్ ఇద్దరూ కలిసి రోలింగ్ స్టోన్స్ స్థాపించారన్నట్టు రాశారు. బ్యాండ్ పాత బేస్ గిటారిస్టు బిల్ వైమన్‌కి ఒళ్లు మండింది. స్థాపించింది బ్రయన్ జోన్స్ కదా, మేమందరం ఏమైపోయాం అని గొడవ పెట్టాడు. కౌన్సిల్ వాళ్లు మార్చి రాయిస్తామని ఒప్పుకున్నారు. నిజానికి వైమన్ చెప్పిందే కరెక్టు. బ్యాండ్‌కి పేరు పెట్టింది కూడా బ్రయనే. 1962లో ఒక పత్రికకి ఫోన్ చేసి ప్రకటన ఇస్తుంటే అవతలి వాళ్లు మీ బ్యాండ్ పేరేంటని అడిగారట. ఎదురుగా నేల మీద మడ్డీ వాటర్స్ రికార్డు పడుంది. దాని మీద ఉన్న ఒక పాట పేరే చెప్పేశాడు. అంటే వాళ్లని కలిపిందీ రికార్డే, పేరు పెట్టిందీ రికార్డే.

ప్లాట్‌ఫాం మీద ఫలకం పక్కన నా ఎల్పీ పట్టుకుని ఒక ఫొటో తీయమని ఓ కుర్రాణ్ణి అడిగా. 'ఇదేంటి, ఎవరు వీళ్లు?' అన్నాడు. వాడిది ఆ ఊరే! తిరుపతిలో పుట్టి కొండ ఎక్కనివాళ్లు ఉండరా ఏంటి.

ఊళ్లో హై స్ట్రీట్‌లో మిక్, కీత్‌ల కంచు విగ్రహాలు కూడా ఉన్నాయి. ఆగస్టులోనే పెట్టారు. మిక్ చెయ్యి చాపి పాడుతున్నట్టు, కీత్ గిటార్‌తో వంగినట్టు. బతికున్నవాళ్లకి విగ్రహాలు పెట్టడం మన దగ్గర మామూలే కాబట్టి నాకేం వింతగా అనిపించలేదు. వానలో ఇద్దరి ముక్కుల చివర్ల నుంచీ నీళ్లు కారుతున్నాయి. విగ్రహాలకన్నా నాకు ప్లాట్‌ఫామే నచ్చింది.

తిరుగు ట్రైన్ దిగి, వాన తగ్గింది కదాని డెన్మార్క్ స్ట్రీట్ దాకా నడిచా. రెండు నిమిషాల్లో దాటేసేంత చిన్న వీధి, మొత్తం గిటార్ షాపులు. నాలుగో నంబర్లో రీజెంట్ సౌండ్స్ స్టూడియో ఉండేది. 1964లో వచ్చిన మొదటి ఆల్బం చాలావరకు అక్కడే రికార్డయింది. శబ్దం బయటికి పోకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించుకున్న స్టూడియో. ఇప్పుడు కింద గిటార్లు అమ్ముతున్నారు. అంతకుముందు మిక్, కీత్, బ్రయన్ చెల్సీలో ఈడిత్ గ్రోవ్ అనే చోట ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లు. 1962-63 చలికాలం, ఇంగ్లండ్ గడ్డకట్టుకుపోయిన ఏడాది. తిండికి డబ్బుల్లేవు, గిన్నెలు కడిగేవాడు లేడు. అమీర్‌పేటలో కోచింగ్ కోసం ఆరుగురం ఒక గదిలో ఉన్నప్పటి సింకు గుర్తొచ్చింది. మేం మాత్రం బ్యాండ్ పెట్టలేదు, జావా నేర్చుకున్నాం.

ఆ సాయంత్రం పబ్బుల దగ్గర జనం దిగాలుగా ఉన్నారు. మధ్యాహ్నం ముంబైలో క్రికెట్ వరల్డ్ కప్పులో దక్షిణాఫ్రికా చేతిలో ఇంగ్లండ్ 229 పరుగుల తేడాతో ఓడింది. రాత్రికి ప్యారిస్‌లో రగ్బీ వరల్డ్ కప్ సెమీస్‌లో మళ్లీ దక్షిణాఫ్రికాయే, 16-15తో ఓడించింది. నేను మాత్రం రికార్డు తడవలేదన్న ఆనందంలో ఈస్ట్‌హామ్ చేరా.

మా రూమ్మేట్‌ది వరంగల్. ఎప్పుడో చారిటీ షాపులో పదిహేను పౌన్లకి ఒక సూట్‌కేసు ప్లేయర్ కొని మంచం కింద పడేశాడు. 'గదా? తీస్కో భయ్, దుమ్ము దులుపుకో' అన్నాడు. మూత తెరిచేసరికి నాన్న ఫియెస్టాయే గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున ఒక్కణ్ణే కూర్చుని పెట్టా. ఇంజనీర్ని కదా, ముందు లెక్కలు వేసుకున్నా. ఆల్బం మొత్తం 48 నిమిషాలు, పక్కకి సుమారు 24. నిమిషానికి ముప్పై మూడు చుట్ల చొప్పున ఒక్కో పక్క దాదాపు ఎనిమిది వందల చుట్లు. ఆ గాడిని విప్పి తాడులా సాగదీస్తే అర కిలోమీటరు ఉంటుంది. పళ్లెం తిరిగే వేగం మారదు, కానీ సూది అంచు దగ్గరుంటే దాని కింద సెకనుకి అర మీటరు గాడి పోతుంది, మధ్యకి వచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. అంటే లోపలికి వెళ్లేకొద్దీ అదే పాటని తక్కువ జాగాలో ఇరికించాలి. క్లారిటీ తగ్గుతుంది. అందుకే పాతకాలం నుంచీ గోలగోలగా ఉండే పాటలు అంచు దగ్గర, నెమ్మదైనవి మధ్యలో వేయడం అలవాటు. ఇందులో చూడండి, మొదటి పక్క 'యాంగ్రీ'తో మొదలై 'డ్రీమీ స్కైస్' అనే మెల్లటి పాటతో అవుతుంది. రెండో పక్క చిట్టచివర, లేబుల్‌కి ఆనుకుని 'రోలింగ్ స్టోన్ బ్లూస్'. మిక్, కీత్ ఇద్దరే. గిటారు, మౌతార్గాన్, గొంతు. ఆ ప్లాట్‌ఫాం మీద చంకలో ఉన్న మడ్డీ వాటర్స్ రికార్డులోని పాటే, బ్యాండ్‌కి పేరిచ్చిన పాటే. స్ట్రీమింగ్‌లో విన్నప్పుడు పన్నెండో ట్రాక్ అంతే. ఇక్కడ మాత్రం సూది అంత దూరం తిరిగి తిరిగి అక్కడికి చేరింది.

నిజాయితీగా చెప్పాలంటే ఆల్బంలో అన్నీ గొప్ప పాటలు కావు. ఒకటి రెండు ఫ్రెష్‌గా కనిపించడానికి మరీ కష్టపడ్డాయి. లేడీ గాగా, స్టీవీ వండర్ ఉన్న 'స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్' మాత్రం వదలొద్దు. పాల్ మెకార్ట్‌నీ కూడా ఒక పాటకి బేస్ వాయించాడు. బీటిల్స్ వర్సెస్ స్టోన్స్ అని కొట్టుకున్న ఫ్యాన్స్ ఇప్పుడేమంటారో. మనకి ఎన్టీఆర్, ఏఎన్నార్ ఫ్యాన్స్ లేరూ, అలాగ.

అదే రోజు దుర్గాష్టమి. ధర్మశాలలో ఇండియా, న్యూజిలాండ్ మ్యాచ్. ఇన్నింగ్స్ బ్రేక్‌లో నాన్నకి వీడియో కాల్ చేశా. ఎప్పటిలాగే 'తిన్నావా?' అన్నాడు. నేను ఫోన్ తిప్పి ప్లేయర్ చూపించా. కాసేపు ఏం మాట్లాడలేదు.

'ఎవరిదిరా అది?'

'ఫ్రెండ్‌ది నాన్నా. రికార్డు నాది. నిన్ననే వీళ్ల ఊరు వెళ్లొచ్చా.'

'అంచు పట్టుకో, మధ్యలో వేళ్లు పెట్టకు' అన్నాడు. 'ఏదీ, వెయ్యి.'

రెండో పక్క తిప్పి పెట్టా. ఆ పక్కలో మొదటి రెండు పాటలకి డ్రమ్స్ వాయించింది చార్లీ వాట్స్. 1963 నుంచీ బ్యాండ్‌లో ఉన్నాడు. 2021 ఆగస్టులో ఎనభయ్యో ఏట పోయాడు. అంతకుముందే 2019లో వాయించి ఉంచినవి ఈ రెండూ. మిగతా పాటలకి డ్రమ్స్ చాలావరకు స్టీవ్ జోర్డన్ వాయించాడు. చార్లీ ఉన్న రెండో పాటకి బిల్ వైమన్ కూడా వచ్చి బేస్ అందుకున్నాడు, ఫలకం గొడవ పెట్టినాయనే. ఇవేవీ నాన్నకి చెప్పలేదు. ఇంగ్లిష్ రాక్ ఆయనకి గోల, అర నిమిషంలో ఆపెయ్యమంటాడనుకున్నా.

ఆపమనలేదు. చెవి ఫోన్‌కి దగ్గరగా పెట్టినట్టున్నాడు, స్క్రీన్ నిండా ఆయన తెల్ల జుట్టే కనిపిస్తోంది. రెండు పాటలయ్యాయి. మూడోది మొదలైన కాసేపటికి అన్నాడు, 'వాయించేవాడు మారాడేంట్రా?'

నాకు ఒక్కసారిగా నోట మాట రాలేదు. 'ఎలా తెలిసింది నాన్నా?'

'ఇందాకటాయన తొందరపడట్లేదు. పాట ముందు పోతుంటే వెనకనించి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. వీడూ బానే వాయిస్తున్నాడు. కానీ ఆయన వేరు.'

అప్పుడు చెప్పా, ఆయన పోయాడని. 'అయ్యో' అన్నాడు, మా పేటలో ఎవరో పోయినట్టు. ఎన్నేళ్లున్నాడు వీళ్లతో, తర్వాత ఎవర్ని పెట్టుకున్నారు, ఊళ్లో విగ్రహం ఆయనక్కూడా ఉందా అని అడిగాడు. లేదు, ఇద్దరికే అని చెప్తే, 'వెనక కూర్చునేవాడికి ఎవడు పెడతాడ్లే' అన్నాడు. నాటకాల సంగతులు మొదలుపెట్టాడు. పద్యం ఎత్తుకునే ముందు నటుడు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటాడో తబలా వాడికి తెలియాలట. చార్లీ వాట్స్ ఎలాగూ జాజ్ మనిషే, ఈ మాట వింటే ఒప్పుకునేవాడేమో. రోహిత్ బ్యాటింగ్‌కి వచ్చాడని పక్కింట్లోంచి అరుపులు వినిపిస్తున్నా నాన్న ఫోన్ పెట్టలేదు. ముప్పై ఆరు నిమిషాలు.

పెట్టేసేముందు నేనే అడిగా. ఏళ్లు పట్టింది అడగడానికి. 'నాన్నా, అప్పుడు మన పెట్టె పాత సామాన్ల వాడికి ఇచ్చేయమని చెప్పాను కదా...'

'ఇవ్వలేదురా.'

'మరి?'

'డ్రిల్ మాస్టారింట్లో ఉంది. రికార్డులూ అక్కడే. ఆదివారాలు వెళ్తుంటాగా.'

ఆదివారాలు డ్రిల్ మాస్టారింటికి చీట్ల పేకకి వెళ్తాడని మా ఇంట్లో అందరం అనుకుంటున్నాం. అమ్మ దాని మీద ఎన్నిసార్లు సాధించిందో!

'ఇప్పుడు కూడా వెళ్లేవాణ్ణే. సూది అరిగిపోయింది. మూడు నెల్లయింది, ఆగిపోయింది. విజయవాడంతా అడిగాం, దొరకలా. నువ్వెళ్లిన షాపులో ఉంటుందేమో కనుక్కో.'

సోమవారం ఆఫీసు కాగానే బెర్విక్ స్ట్రీట్ వెళ్లా. కౌంటర్లో ఉన్నాయన నేను చెప్పింది ఓపిగ్గా విన్నాడు. పాత ఇండియన్ ప్లేయర్ల సంగతి తనకి తెలీదట, కానీ సూది ఏ రకమో తెలిస్తే వెతకొచ్చన్నాడు. ఫొటో ఉంటే చాలు అన్నాడు. అక్కణ్ణించే నాన్నకి మెసేజ్ పెట్టా. తెనాలిలో అప్పటికి రాత్రి పదకొండున్నర దాటింది. ఆ టైములో డ్రిల్ మాస్టార్ని లేపాడో ఏమో, పావుగంటలో వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. సగం ఫొటోలో నాన్న బొటనవేలే ఉంది. మిగతా సగంలో, టార్చిలైటు వెలుగులో, కుక్క బొమ్మ.

'సూది కనపడట్లేదు నాన్నా, ఇంకోటి తియ్' అని కొట్టా. కౌంటర్లో ఆయన షాపు కట్టేసే టైమైందని గడియారం చూపించాడు. ఇంకో పది నిమిషాలు ఆగమని అడిగా.